ఓవర్‌హాల్ అయిన అంబాసిడర్ ఇంజిన్ స్టార్ట్ కాకపోతే ఎక్కడ చూడాలి

ఇంజిన్ దించి, బోర్ వేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి బండిలోకి ఎక్కించాక తాళం తిప్పితే స్టార్ట్ కాలేదనుకోండి. మన దగ్గర ముందుగా జరిగేది సెల్ఫ్ కొట్టడం. బ్యాటరీ పడుకునేదాకా కొడతారు, ఇంకో బ్యాటరీ తెచ్చి మళ్ళీ కొడతారు, అప్పటికీ కాకపోతే నలుగురూ కలిసి తోస్తారు, లేదా తాడు కట్టి లాగిస్తారు. కొత్తగా కట్టిన ఇంజిన్‌కి ఇంతకన్నా చేటు చేసే పని లేదు. చోక్ లాగి అదేపనిగా తిప్పితే కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. కొత్త రింగులు పొడి గోడ మీద రాసుకుంటాయి. వాల్వులను తెరిచి మూసే కామ్ షాఫ్ట్, టాపెట్లు అంతకన్నా పాపం. వాటికి ఆయిల్ చాలావరకు క్రాంకు వేగంగా తిరుగుతూ చిమ్మితేనే అందుతుంది. సెల్ఫ్ వేగానికి ఆ చిమ్మడం ఉండదు. బిగించేటప్పుడు పూసిన గ్రీజు కాస్తా తుడుచుకుపోయాక లోహం మీద లోహం నడుస్తుంది.

అందుకని 10 సెకన్ల చొప్పున మూడు సార్లు, మధ్యలో అర నిమిషం విరామం. అప్పటికీ అంటుకోకపోతే తాళం తీసి జేబులో వేసుకోండి. ఇక చేయాల్సింది వెతకడం.

ఎక్కడ వెతకాలన్నదానికి నేను పట్టుకుని ఉండే సూత్రం ఒకటుంది. నడుస్తూ నడుస్తూ దారిలో ఆగిన బండిలో అరిగినవాటిని అనుమానించాలి. పని చేయించిన బండిలో విప్పి బిగించిన చోట్లను అనుమానించాలి. నిన్నటిదాకా పనిచేసిన కాయిల్ ఓవర్‌హాల్ జరుగుతున్న నెలలో దానంతట అది చచ్చిపోవడం అరుదు. దాని వైరు వేరే చోట తగిలించడం, పెయింటు వేసిన ఇనుము మీద ఎర్త్ బిగించడం, ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను సగం చుట్టు తప్పించి పెట్టడం చాలా మామూలు. ఏ బోల్టు విప్పారు, ఏ ప్యాకింగ్ మార్చారు, ఏ సామాను కొత్తది వేశారు అని మెకానిక్‌ను అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. తప్పు దాదాపు ఎప్పుడూ ఆ కాగితంలోనే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 1489 సీసీ బీఎంసీ పెట్రోలు ఇంజిన్ ఉన్న అంబాసిడర్ గురించి. ఒకప్పుడు తిరుపతి నుంచి కొండకు, చిత్తూరు నుంచి వేలూరుకు ట్యాక్సీలుగా తిరిగిన బండ్లు ఇప్పటికీ షెడ్లలో, మామిడితోటల పక్క పాకల్లో ఉన్నాయి. వాటిని బాగు చేయించుకునేవాళ్ళు పెరుగుతున్నారు, అది చూస్తే నిజంగా సంతోషంగా ఉంటుంది. 1089 సీసీ ప్రీమియర్ పద్మిని కారుకు కూడా వెతికే వరుస ఇదే. కొలతలు మాత్రం దాని పుస్తకంలోవి తీసుకోవాలి.

పనికి ముందు కావలసినవి: టెస్టర్ బల్బు, మల్టీమీటరు, ఫీలర్ గేజ్, ప్లగ్గు పానా, కంప్రెషన్ గేజ్, ఇంజిన్ తిప్పే హ్యాండిల్ రాడ్. పక్కన మంటలార్పే సిలిండర్ ఒకటి తప్పనిసరి. అది లేకుండా విడి పెట్రోలుతో పరీక్షలు పెట్టుకోకండి.

ఇంజిన్ సరైన వేగంతో తిరుగుతోందా

కొత్త రింగులు, కొత్త బేరింగులు ఉన్న ఇంజిన్ కొంచెం బిగువుగానే ఉంటుంది. నాలుగు ప్లగ్గులూ తీసేసి హ్యాండిల్ రాడ్ వేసి తిప్పండి. ఒకే బిగువుతో, ఎక్కడా పట్టకుండా చుట్టూ తిరగాలి. ఒక చోట వచ్చి ఆగుతుంటే అది స్టార్టింగ్ సమస్య కాదు. బేరింగ్ క్యాప్ తారుమారైందేమో, రింగ్ గ్యాప్ చాలక రింగు పట్టేస్తోందేమో చూడాలి, అంటే మళ్ళీ ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పాల్సిందే. దాన్ని సెల్ఫ్‌తో బలవంతంగా తిప్పకండి. రాడ్ పట్టేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ళ వైపే ఉంచండి, చుట్టి పట్టుకోవద్దు. ఎదురు తన్నితే మణికట్టు పోతుంది.

చేత్తో బాగా తిరిగి, సెల్ఫ్‌తో మాత్రం బరువుగా తిరుగుతుంటే బ్యాటరీ కన్నా ముందు ఎర్త్ చూడండి. ఇంజిన్, గేర్‌బాక్సు రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటాయి. బాడీకి, ఇంజిన్‌కి మధ్య కరెంటు దారి ఒక్క అల్లిక పట్టీయే. ఓవర్‌హాల్‌లో బ్లాక్‌కు పెయింటు కొడతారు, ఛాసిస్‌కూ కొడతారు, పట్టీని ఆ పెయింటు మీదే బిగిస్తారు. ఒక్కోసారి తగిలించడమే మరిచిపోతారు. అప్పుడు సెల్ఫ్ కరెంటు చోక్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు మీదుగా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టగానే చోక్ కేబులు వేడెక్కినా, పొగ వచ్చినా ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. అనుమానంగా ఉంటే బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ నుంచి నేరుగా ఇంజిన్ బ్లాక్‌కు ఒక జంపర్ కేబులు వేసి సెల్ఫ్ కొట్టండి. వేగం పెరిగిందంటే తప్పు ఎర్త్‌దే. పట్టీ రెండు చివర్లలోనూ పెయింటును ఎమరీతో గీకి, తెల్లటి ఇనుము కనబడేలా చేసి బిగించండి.

బ్యాటరీకి కొలత ఒకటే. సెల్ఫ్ తిరుగుతుండగా టెర్మినళ్ళ మీద 9.6 వోల్టులకు తగ్గకూడదు. తగ్గితే సెల్ఫ్ తిరిగినా కాయిల్‌కు చాలినంత అందదు, స్పార్క్ చిక్కిపోతుంది. ఇంకో మాట, ఈ బండ్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది. బ్యాటరీని ఏ వైపు కట్టాలో బండి మీది పాత కేబుళ్ళు, పుస్తకం చూసి తేల్చుకోండి, అలవాటు కొద్దీ కట్టేయవద్దు.

టైమింగ్: సగం బండ్లు ఇక్కడే ఆగుతాయి

సెల్ఫ్ బాగా తిరుగుతోంది, స్పార్క్ ఉంది, పెట్రోలు వాసన వస్తోంది, అయినా బండి అంటుకోదు. లేదా కార్బొరేటర్‌లోంచి దగ్గుతుంది, సైలెన్సర్‌లో పటపటమంటుంది. ఇవి చూస్తే నేను ముందు డిస్ట్రిబ్యూటర్ దగ్గరికే వెళ్తాను.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో 1వ పిస్టన్ పైకి రెండు సార్లు వస్తుంది. ఒకసారి కంప్రెషన్ చివర, ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర. క్రాంక్ పుల్లీ మీది గాడి, టైమింగ్ కవర్ మీది సూచిక రెండు సార్లూ ఒకే చోట కలుస్తాయి. టైమింగ్ చైన్ వేసేటప్పుడు రెండు పళ్ళ చక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా పెట్టి, ఇదే 1వ సిలిండర్ కాలే స్థానమని అనుకుని డిస్ట్రిబ్యూటర్ దింపేస్తారు. చుక్కలు కలిసినంత మాత్రాన 1వ సిలిండర్ కంప్రెషన్‌లో ఉందని అర్థం కాదు. చుక్కలు చెప్పేది క్రాంకుకు, కామ్‌కు మధ్య లెక్క సరిపోయిందని, అంతే. కాలబోయేది 1వదా, 4వదా అన్నది వాల్వులు చూసి తేల్చుకోవాలి. తప్పు పడితే 1వ సిలిండర్‌లో ఎగ్జాస్ట్ ముగిసి ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుంటున్న సమయంలో స్పార్క్ పడుతుంది. మంట వెనక్కి తిరిగి కార్బొరేటర్‌లోంచి వస్తుంది.

తేల్చుకోవడం సులువు. ఇగ్నిషన్ ఆపి వాల్వు కవర్ తీయండి. 1వ సిలిండర్ రేడియేటర్ వైపుది. రాడ్‌తో ఇంజిన్‌ను సవ్యదిశలో, అంటే ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు, తిప్పుతూ 4వ సిలిండర్ వాల్వులను గమనించండి. ఎగ్జాస్ట్ మూసుకుంటూ, ఇన్‌లెట్ తెరుచుకుంటూ రెండు రాకర్లూ ఒకేసారి ఊగే క్షణం ఒకటి వస్తుంది. అప్పుడు పుల్లీ గాడి సూచికతో కలిసి ఉంటే 1వ సిలిండర్ పిస్టన్ కంప్రెషన్ పైకొసన, అంటే పూర్తిగా పైకి చేరి, ఉన్నట్టు. కవర్ తీయడం ఇష్టం లేకపోతే 1వ ప్లగ్గు కన్నం మీద బొటనవేలు అదిమిపెట్టి తిప్పించండి, గాలి వేలిని తోసే స్ట్రోకే కంప్రెషన్. వాల్వులు చూడటమే నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే చైన్ ఒక పన్ను తప్పిందా అన్నదీ అక్కడే కనిపిస్తుంది. గాడి కలిసినప్పుడు 4వ సిలిండర్ వాల్వులు రెండూ కొద్దికొద్దిగా, ఇంచుమించు సమానంగా తెరిచి ఉండాలి. ఒకటి పూర్తిగా మూసుకుని రెండోది బాగా దిగిపోయి ఉంటే చైన్ కవర్ విప్పి చుక్కలు చూడక తప్పదు.

అదే స్థితిలో డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపల తిరిగే రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టండి. రోటర్ ఎదురుగా ఉన్న టెర్మినలే 1వ ప్లగ్గుది. మిగతావి రోటర్ తిరిగే దిశలో 3, 4, 2 వరుసలో రావాలి. బీఎంసీ ఇంజిన్‌లో పైనుంచి చూస్తే రోటర్ అపసవ్యంగా తిరుగుతుంది. వేరే ఇంజిన్ అయితే పుస్తకాన్నీ నమ్మకండి, పక్కవాళ్ళ మాటనూ నమ్మకండి, మూత తీసి రాడ్‌తో తిప్పితే రోటరే చూపిస్తుంది. పద్మినికీ పేలే వరుస 1-3-4-2 యే. వరుస సరిగ్గానే ఉండి దిశ తప్పుగా వేస్తే 1, 4 సరైన చోటే పడతాయి, 2, 3 తారుమారవుతాయి. అలాంటప్పుడు బండి రెండు సిలిండర్ల మీద గుటకలు వేస్తూ అంటుకోబోయి ఆగుతుంది. ఈ లక్షణం కనబడితే ప్లగ్గు వైర్లు తప్ప వేరేది విప్పకండి.

డ్రైవ్ గేర్ ఒక పన్ను తప్పి దిగినా, సగం చుట్టు తప్పినా దాన్ని మళ్ళీ లాగి వేయడం పద్ధతి. ప్లగ్గు వైర్లను మూత మీద జరిపి నడిపించేయొచ్చు కూడా. ఇంజిన్‌కు దాని వల్ల నష్టం లేదు. కానీ రేపు ఇంకో మెకానిక్ పుస్తకం ప్రకారం వైర్లు సరిచేసి బండిని ఆపేస్తాడు. జరిపి నడిపిస్తే మూత మీద 1 అని పెయింటుతో గుర్తయినా పెట్టండి.

పుల్లీ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. పాత సామాన్ల అంగడిలో తెచ్చిన పుల్లీ వేరే ఇంజిన్‌ది కావొచ్చు, గాడి వేరే చోట ఉండొచ్చు. అప్పుడు గుర్తులన్నీ సరిపోయినా టైమింగ్ తప్పే. దీనికి చేతిపని ఉంది. 1వ ప్లగ్గు కన్నంలో పిస్టన్‌ను మధ్యలో ఆపే అడ్డు ఒకటి బిగించండి. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, దానిలో మొద్దుకొన ఉన్న బోల్టు వెల్డింగ్ చేయిస్తే చాలు. ఇంజిన్‌ను చేత్తో మెల్లగా ఒకవైపు తిప్పి అడ్డుకు తగిలాక సూచిక ఎదురుగా పుల్లీ మీద గీత గీయండి. రెండో వైపు తిప్పి తగిలాక ఇంకో గీత. రెండు గీతలకూ సరిగ్గా మధ్య ఉన్నదే అసలు పైకొస. ఈ అడ్డు ఉండగా సెల్ఫ్ ముట్టుకోవద్దు, పిస్టన్‌కు కన్నం పడుతుంది.

గుర్తులు నిజమని తేలాక స్టాటిక్ టైమింగ్, అంటే ఇంజిన్ ఆగి ఉండగా చూసే టైమింగ్, పెట్టాలి. గాడిని పైకొసకు ముందు 5 డిగ్రీల సూచిక దగ్గర ఆపండి, మొదటి స్టార్టింగ్‌కు అది సరిపోతుంది. టెస్టర్ బల్బు ఒక కొస డిస్ట్రిబ్యూటర్ సన్నవైరు టెర్మినల్‌కు, రెండోది ఎర్త్‌కు. ఇగ్నిషన్ వేసి, క్లాంపు వదులు చేసి, ముందుగా డిస్ట్రిబ్యూటర్‌ను రోటర్ తిరిగే దిశలోకి బల్బు ఆరేదాకా తిప్పండి. తర్వాత ఎదురు దిశలో మెల్లగా తిప్పుతూ వస్తే ఒక చోట బల్బు వెలుగుతుంది. కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు తెరుచుకున్న క్షణం అదే, అక్కడే బిగించండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ ఎదురు తన్నుతుంటే టైమింగ్ మరీ ముందుకుంది. ఎంతసేపు తిప్పినా అంటుకోక, అంటుకున్నా మ్యానిఫోల్డు ఎర్రగా కాలుతుంటే మరీ వెనక్కుంది.

కరెంటు

స్పార్క్ చూసేటప్పుడు ప్లగ్గు వైరును ఇంజిన్‌కు దూరంగా పట్టుకుని ఎగిరితే చూడటం మన అలవాటు. అది మోసం చేస్తుంది. బయటి గాలిలో ఎగిరిన స్పార్క్ సిలిండర్ లోపలి ఒత్తిడిలో ఎగరకపోవచ్చు. కాయిల్ నుంచి వచ్చే మందపు వైరును బ్లాక్‌కు 6 మి.మీ. దూరంలో, ఇన్సులేషన్ ఉన్న శ్రావణంతో పట్టుకుని చూడండి. నీలంగా, చిటుకుమని శబ్దంతో ఎగరాలి. పసుపుగా, సన్నగా ఉంటే అది లేనట్టే లెక్క. చుట్టుపక్కల పెట్రోలు ఒలికి ఉంటే ఈ పరీక్ష వద్దు.

స్పార్క్ లేకపోతే మల్టీమీటరు తీయండి. ఇగ్నిషన్ వేసి, కాయిల్‌లో స్విచ్ వైపు టెర్మినల్ చూడండి, 12 వోల్టుల దాకా ఉండాలి. లేకపోతే తప్పు తాళం వైపు వైరింగ్‌లో. ఉంటే డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్ మీద మీటరు పెట్టి ఇంజిన్‌ను చేత్తో తిప్పించండి. పాయింట్లు మూసుకున్నప్పుడు దాదాపు సున్నా, తెరుచుకున్నప్పుడు 12, ఇలా మారుతూ ఉండాలి. ఎప్పుడూ 12 ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా కలిసినా కరెంటు దాటడం లేదు. కొత్త పాయింట్ల మొహాల మీద తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు ఉంటుంది. పెట్రోలులో ముంచిన గట్టి అట్టముక్కను మధ్యలో లాగి తుడవకపోతే ఇదే జరుగుతుంది. ఎప్పుడూ సున్నా ఉంటే సన్నవైరు ఎక్కడో ఎర్త్ అవుతోంది, లేదా కండెన్సర్ లోపల షార్ట్ అయింది.

ఆ ఎర్త్ అవడానికి ఎక్కువగా కారణమయ్యేది పాయింట్ల స్తంభం మీది ప్లాస్టిక్ వాషర్ల వరుస. పాత రకం పాయింట్లలో స్ప్రింగ్ కన్ను, కాయిల్ వైరు కన్ను, కండెన్సర్ వైరు కన్ను మూడూ ఒకదానికొకటి తగులుతూ ఉండాలి. మూడింట్లో ఏదీ స్తంభానికి గాని, పైన బిగించే నట్టుకు గాని తగలకూడదు. అందుకే కింద ఒక ప్లాస్టిక్ వాషరు, పైనుంచి స్తంభం మీదకు దిగే గొట్టంతో కూడిన ప్లాస్టిక్ టోపీ ఉంటాయి. ఆ టోపీ తప్పిపోయి నట్టు నేరుగా వైరు కన్ను మీద కూర్చుంటే పాయింట్లు తెరుచుకున్నా కరెంటు తెగదు. ఎంత పెద్ద మెకానిక్‌కైనా తొందరలో తప్పే చోటు ఇది. పాయింట్ల గ్యాప్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.38 మి.మీ., పాయింట్ల మడమ డిస్ట్రిబ్యూటర్ కామ్ మొన మీద ఉన్నప్పుడు కొలవాలి. ప్లగ్గు గ్యాప్ 25 థౌ, 0.64 మి.మీ.

కాయిల్ ప్రైమరీ నిరోధం బ్యాలస్ట్ (కాయిల్‌కు వెళ్ళే కరెంటును తగ్గించే విడి నిరోధం) లేని మామూలు రకానికి 3 ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. 1.5 ఓమ్‌ల కాయిల్ తెచ్చి బ్యాలస్ట్ లేకుండా వేస్తే కాయిల్ కాలిపోతుంది, పాయింట్లు మాడిపోతాయి. ఇక రోటర్. ఇప్పుడు దొరికే కొన్ని రోటర్లలో ఇత్తడి ముక్కను పట్టే రివెట్ కిందిదాకా దిగి, హై టెన్షన్ కరెంటు ప్లాస్టిక్‌ను చీల్చుకుని షాఫ్ట్‌లోకి పోతుంది. కాయిల్ మందపు వైరు కొసను రోటర్ ఇత్తడికి కొద్ది దూరంలో పట్టుకుని, ఇగ్నిషన్ వేసి, పాయింట్లను చెక్క పుల్లతో తెరిచి మూయండి. రోటర్‌కు స్పార్క్ ఎగురుతుంటే అది పగిలినట్టే. మంచి రోటర్‌కు ఎగరదు. మూత లోపల మధ్యన స్ప్రింగ్‌తో ఉండే కార్బన్ ముక్క ఊడిపోయిందేమో కూడా అప్పుడే చూడండి.

కొత్తవి వేసినా పాత పాయింట్లు, కండెన్సర్, రోటర్ పారేయవద్దు. పెట్టెలోంచి తీసిన కొత్త కండెన్సర్ చచ్చి ఉండటం నేడు వింత కాదు. పాతది తగిలించి చూడటం కన్నా తేలికైన పరీక్ష లేదు. మా వైపు కార్తీకంలో ముసురు పట్టినప్పుడు షెడ్డులో నిలబడ్డ బండి మూత లోపల చెమ్మ పేరుకుంటుంది, పొడిగుడ్డతో తుడిచాకే పరీక్షలు మొదలుపెట్టండి.

పెట్రోలు

ప్లగ్గు తీసి చూడండి. చోక్ వేసి నాలుగైదు సెకన్లు తిప్పాక కూడా పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిగా ఉంటే వస్తోంది, తప్పు స్పార్క్‌లోనో టైమింగ్‌లోనో ఉంది. కారుతున్నంత తడిగా ఉంటే కార్బొరేటర్ పొంగుతోంది.

రావడం లేదంటే నిర్ధారణకు ఒక పరీక్ష. ఎయిర్ క్లీనర్ తీసి, సిరంజితో 5 మి.లీ. పెట్రోలు కార్బొరేటర్ గొంతులో వేసి, క్లీనర్ మళ్ళీ బిగించి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. అంటుకుని రెండు క్షణాలు నడిచి ఆగితే ఇంజిన్ మంచిదే, లోపం పెట్రోలు దారిలో. క్లీనర్ తీసి ఉంచి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు సీసాతో పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఒక్క దగ్గుకు మంట మొహం మీదకు వస్తుంది.

మెకానికల్ పంపు ఉంటే కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, సీసాలో పెట్టి, పంపు కింది చేతి లివర్ ఆడించండి. లివర్ చేతికి తగలకుండా వదులుగా ఆడుతుంటే పంపు పాడైందనుకోవద్దు. కామ్ గుబ్బ అప్పటికే పంపు చేతిని నొక్కి ఉంచి ఉండొచ్చు. ఇంజిన్‌ను రాడ్‌తో ఒక చుట్టు తిప్పి మళ్ళీ చూడండి. ఓవర్‌హాల్ తర్వాత ఇక్కడ జరిగే తప్పులు రెండు: పంపు కింద ప్యాకింగులు మందంగా వేయడం వల్ల గుబ్బ పంపు చేతికి సరిగా అందకపోవడం, చేతిని గుబ్బకు తప్పు వైపు దూర్చి బిగించడం. రెండో దానితో చెయ్యి విరుగుతుంది. పంపు దగ్గరే పెట్రోలు లేదంటే ట్యాంకు వైపు రబ్బరు పైపులో చీలిక ఉందేమో చూడండి. పీల్చే వైపు చీలితే పెట్రోలు కారదు, గాలి పీలుస్తుంది, అందుకే కంటికి కనబడదు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రకం రబ్బరు డయాఫ్రం, పాత రబ్బరు పైపులు దానికి ఉబ్బి మెత్తబడతాయి. ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది, చెమ్మ ఎక్కువైతే నీళ్ళతో కలిసి ట్యాంకు అడుక్కు విడిపోతుంది. ఇంజిన్ పని జరిగినన్ని నెలలూ ట్యాంకులో ఉన్న పెట్రోలుతో మొదటి స్టార్టింగ్ చేయకండి. గాజు సీసాలో పట్టి ఒక పూట నిలబెట్టండి, అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం దించి కడగాల్సిందే. డయాఫ్రం, పైపులు ఇథనాల్‌కు తట్టుకునే రకం అడిగి తీసుకోండి. మనకు దగ్గరలో చెన్నై పుదుపేట, జీపీ రోడ్డు అంగళ్ళలో వెతికితే పాత బండ్ల సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. పాత ముక్కను చేత్తో పట్టుకుని వెళ్ళి పక్కన పెట్టి పోల్చుకోండి.

కార్బొరేటర్ ఎస్‌యూ రకం అయితే లోపలి పిస్టన్‌ను వేలితో ఎత్తి వదలండి, టక్‌మని కింద పడాలి. మధ్యలో నిలబడితే జెట్ మధ్యకు లేదు లేదా సూది వంగింది. సోలెక్స్ అయితే ఫ్లోట్ సూది అతుక్కుపోవడం, ఐడిల్ జెట్‌లో మట్టి, ఈ రెండూ చూడండి. జెట్‌లను గాలి కొట్టి శుభ్రం చేయాలి, తీగ దూర్చకూడదు.

గాలి లీకు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ ఇంజిన్‌కు అది ప్రత్యేకంగా ఉంది. బీఎంసీ హెడ్‌లో ఇన్‌లెట్ రంధ్రాలు రెండే, 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4కు ఒకటి. ఎగ్జాస్ట్‌కు మూడు, మధ్యది 2, 3కు ఉమ్మడి. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు రెండింటినీ కొన్ని స్టడ్‌ల మీద ఒకే మందపు వాషరు సగం సగం నొక్కి పట్టుకుంటుంది. ఓవర్‌హాల్‌లో ఒక మ్యానిఫోల్డును మాత్రమే లేత్ షాపులో మొహం తీయిస్తే రెండింటి అంచుల మందం తేడా పడుతుంది. వాషరు మందమైనదాని మీద ఆనుతుంది, రెండోది వదులుగానే ఉంటుంది. నట్లు ఎంత బిగించినా గాలి పోతుంది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు, 1, 2 గాని 3, 4 గాని, చచ్చినట్టుండి మిగతా రెండూ పేలుతుంటే ముందు ఇక్కడ చూడండి. రెండు అంచుల మీదా స్టీలు స్కేలు పెట్టి తేడా ఉన్న వైపు సన్న రేకు వేసి సరిచేయొచ్చు.

కంప్రెషన్

పైవన్నీ సరిగ్గా ఉండి కాకపోతే గేజ్ పెట్టండి. నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, సెల్ఫ్ నాలుగైదు కంప్రెషన్లు తిరిగేదాకా కొట్టాలి. కొత్త రింగులు ఇంకా కుదురుకోవు కాబట్టి అంకె పెద్దగా లేదని బెంగ పడక్కర్లేదు, నాలుగింటి మధ్య తేడా 10 శాతంలోపు ఉందా అన్నది ముఖ్యం.

నాలుగూ ఒకేలా బాగా తక్కువగా ఉంటే నేను రింగులను కాదు, టాపెట్లను అనుమానిస్తాను. వాల్వు సీట్లు కోయించాక వాల్వు కాడలు పైకి జరుగుతాయి, పాత సెట్టింగు మీదే రాకర్ బిగిస్తే గ్యాప్ మిగలదు, వాల్వు మూసుకోదు. గ్యాప్ 15 థౌ. ముందు నుంచి వాల్వులను 1 నుంచి 8 దాకా లెక్కబెట్టి తొమ్మిది సూత్రం వాడండి: 8వది పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 6వది తెరుచుకున్నప్పుడు 3వది, ఇలా రెండూ కూడితే 9 రావాలి. టాపెట్లు సరిగ్గా ఉంటే చైన్ ఒక పన్ను తప్పిందేమో చూడాలి. పక్కపక్క రెండింటిలో మాత్రమే తక్కువుంటే వాటి మధ్య హెడ్ ప్యాకింగ్ లీకు. ఒక్కదానిలోనే తక్కువుంటే చెంచాడు ఆయిల్ ప్లగ్గు కన్నంలో వేసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు.

అంటుకున్నాక

తప్పు దొరికాక, మళ్ళీ తాళం తిప్పే ముందు ఒక పని ఉంది. ఇంతసేపు చోక్‌తో తిప్పి ఉంటే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి, పలచబడిన ఆయిల్‌తో కొత్త బేరింగులు నడపొద్దు. 20W-50 మినరల్ ఆయిల్, జింక్ పాలు ఎక్కువున్న రకం, సుమారు 4 లీటర్లు పడుతుంది, చివరికి డిప్‌స్టిక్ గీతే లెక్క. ప్లగ్గులు తీసి ఉంచే సెల్ఫ్‌ను విరామాలతో కొట్టి, గేజ్‌లో ఆయిల్ ప్రెషర్ కదిలాక ప్లగ్గులు వేయండి. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయొద్దు. మన బోర్లలో ఉప్పు ఎక్కువ, కొత్తగా కడిగించిన బ్లాక్‌లో మళ్ళీ తెల్లగట్టు కడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి.

అంటుకున్న వెంటనే ఐడిలింగ్‌లో వదలొద్దు. 10 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే ఆపేయండి. వస్తే 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య కొంచెం పెంచుతూ, తగ్గిస్తూ 20 నిమిషాలు నడపండి. కామ్, టాపెట్లు ఒకదానికొకటి కుదురుకునేది ఆ 20 నిమిషాల్లోనే. ఒకరు టెంపరేచర్ ముల్లు చూస్తూ ఉండాలి, ఇంకొకరు బానెట్ దగ్గర నిలబడి లీకులు చూడాలి. ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి. మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో ఎగ్జాస్ట్ పక్కనున్న పెట్రోలు పైపులో ఆవిరి పట్టి ఆగిపోతే, మళ్ళీ సెల్ఫ్ కొట్టుకుంటూ మొదటికొస్తాం.

పూర్తిగా చల్లారాక హెడ్ నట్లను పుస్తకంలోని వరుసలో, టార్క్ పానాతో మరోసారి బిగించి, టాపెట్లు మళ్ళీ చూడండి. హెడ్ కుదురుకున్నాక గ్యాప్ తగ్గుతుంది. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. కొత్త ఇంజిన్ రాగానే శ్రీవారి దగ్గరికి తీసుకెళ్ళి పూజ చేయించాలనుకోవడం మనకు సహజం. కనీసం 1000 కిలోమీటర్లు రేణిగుంట, చంద్రగిరి, పూతలపట్టు వైపు చదును రోడ్ల మీద వేగం మారుస్తూ తిప్పి, ఇంత పాత బండిని పైకి వదులుతారో లేదో కనుక్కుని, అప్పుడు ఘాట్ మాట ఆలోచించండి. అందాకా అలిపిరి దగ్గర కొబ్బరికాయ కొట్టించి వెనక్కి తిప్పుకోవచ్చు.